ఫుల్ మీల్సా, ప్లేట్ మీల్సా?

ప్రశ్న: మేడం, నమస్తే. మాది హనుమకొండ. నేను టీచర్ని, మావారు బ్యాంకులో చేస్తారు. బాబుకి పదమూడేళ్లు, పాపకి ఆరు. మా అత్తయ్య మాతోనే ఉంటారు. వేసవి సెలవుల్లో మాల్దీవులకు వెళ్దామని మావారి పట్టు. నాలుగు రాత్రులకు, అయిదుగురికి, విమానం టిక్కెట్లతో సహా ఆల్ ఇన్‌క్లూజివ్ (తిండి, తాగేవి అన్నీ కలిపి) అని చెప్పి ఒక ఏజెంటు 6 లక్షల 40 వేలు అడుగుతున్నాడు. "ఒక్కసారి కట్టేస్తే అక్కడ పర్సు తీసే పని లేదు, టెన్షన్ ఉండదు" అంటారు మావారు. "నాలుగు రోజులు కూర్చుని తినడానికి సముద్రం దాటాలా?" అంటారు అత్తయ్య. ఆవిడ శాకాహారి, మోకాళ్ల నొప్పులు కూడా. మా ఇంట్లో మందు ఎవరూ ముట్టరు. ఇద్దరి మాటా సబబుగానే అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మందు ఎవరూ ముట్టరని ఉత్తరం చివర్లో మాటవరసకు రాశారు గానీ, లెక్కంతా అక్కడే ఉందమ్మా.

విజయవాడ గవర్నర్‌పేటలో నేను పాతికేళ్లు టిక్కెట్లు రాసిన ఆఫీసు కింద ఒక మెస్సు ఉండేది. ఫుల్ మీల్స్ ఒక రేటు, ప్లేట్ మీల్స్ ఒక రేటు. మా క్యాషియరు గారికి షుగరు. ఎప్పుడూ ప్లేట్ మీల్సే. "నేను ఫుల్ మీల్స్ తీసుకుని నాలుగు ముద్దలు తిని లేస్తే, పక్క బల్ల మీద మూడోమారు అన్నం పెట్టించుకునే వాడి డబ్బులు నేను కట్టినట్టు" అనేవారు. రిసార్టు వాళ్ల ఆల్ ఇన్‌క్లూజివ్ కూడా ఫుల్ మీల్సే. వచ్చినవాళ్లు సగటున ఎంత తింటారు, ముఖ్యంగా ఎంత తాగుతారు అన్నది చూసి రేటు కడతారు. మాల్దీవుల్లో మద్యం అంతా బయటి దేశాల నుంచి రావలసిందే, అమ్మేది ఎక్కువగా రిసార్టుల్లోనే. అందుకని దాని ఖరీదు మండిపోతుంది. మీ రేటులో ఆ బరువు ఉంటుంది. ఇంకో తమాషా ఏమిటంటే, చాలా రిసార్టుల్లో పన్నెండేళ్లు దాటితే పెద్దల రేటు. అంటే వాళ్లు గ్లాసు కూడా అందించని మీ పదమూడేళ్ల పిల్లాడికి మీరు బారు వాటా కడుతున్నారు.

ఏజెంటుని ఇంకో రేటు అడగండి. ఫుల్ బోర్డ్ అంటే మూడు పూటలా భోజనం, తాగేవి విడిగా. హాఫ్ బోర్డ్ అంటే పొద్దున టిఫిను, రాత్రి భోజనం. ఫుల్ బోర్డుకీ, ఆల్ ఇన్‌క్లూజివ్‌కీ తేడా ఎంతో తీసుకుని ఇరవైతో భాగించండి, అయిదుగురు నాలుగు రోజులు కాబట్టి. తేడా 60 వేలు వచ్చిందనుకోండి, మనిషికి రోజుకి మూడు వేలు. మీ అయిదుగురూ కలిసి రోజుకి పదిహేను వేల రూపాయల జ్యూసులు తాగాలి. మీ అత్తయ్యగారు కొబ్బరినీళ్లతోనే సరిపెట్టుకుంటారని నా అనుమానం. ఒక్క జాగ్రత్త: ఫుల్ బోర్డులో చాలాచోట్ల మంచినీళ్ల సీసాకు కూడా బిల్లు వేస్తారు. నీళ్లు ఉచితమో కాదో రాతపూర్వకంగా అడగండి.

ఈ ఆల్ ఇన్‌క్లూజివ్ పద్ధతి మొదలైనప్పుడు ఇంత హంగు లేదు. 1950లో గెరార్ బ్లిట్జ్ అనే బెల్జియం ఆయన స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో, అల్కూడియా దగ్గర గుడారాలు వేసి సెలవుల గ్రామం నడిపాడు. క్లబ్ మెడ్ అనే రిసార్టుల సంస్థ అలా పుట్టింది. తర్వాత్తర్వాత తాగే వాటికి డబ్బులకు బదులు మెడలో వేసుకున్న పూసలు తీసి ఇచ్చేవాళ్లు. అప్పటి పూసలు ఇప్పుడు చేతికి కట్టే ప్లాస్టిక్ పట్టీ అయ్యాయి.

సరే, మీవారు చెప్పింది తప్పు కాదు. పిల్లలు ఐస్‌క్రీం అడిగిన ప్రతిసారీ డాలర్లను రూపాయల్లోకి మార్చి చూసుకునే బాధ ఉండదు. ఇంకా ఒకటుంది. మీ ఉత్తరంలో మీవారి కోరిక ఉంది, అత్తయ్యగారి మోకాళ్లున్నాయి, మీ గురించి ఒక్క ముక్క లేదు. బడి, ఇల్లు రెండూ మోసే మనిషికి నాలుగు రోజులు "ఇవాళ ఏం వండను" అన్న ఆలోచన లేకపోవడం చిన్న సుఖం కాదు. అయితే ఆ సుఖం ఫుల్ బోర్డులోనూ అంతే వస్తుంది.

ఇప్పుడు నా భాగోతం వినండి. 2019 జనవరిలో మా చెల్లెలి కుటుంబంతో వెళ్లాను. బెంగళూరులో విమానం మారి మాల్దీవుల రాజధాని మాలె చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. మా దీవికి సీ ప్లేన్‌లోనే పోవాలి. ఆ బుల్లి విమానాలు పగటి వెలుగులోనే ఎగురుతాయి, ఆ రోజుకి చివరిది వెళ్లిపోయింది. పాతికేళ్లు ఊరందరికీ టిక్కెట్లు రాసినదాన్ని, నా టిక్కెట్టు దగ్గర ఆ లెక్క చూసుకోలేదు. ఆ రాత్రి మాలె పక్కనున్న హుల్హుమాలెలో సొంత డబ్బుతో హోటలు, సొంత డబ్బుతో భోజనం. అవతల రిసార్టులో మేం కట్టేసిన మొదటి రాత్రి హాయిగా ఖాళీగా నిద్రపోయింది. మా చెల్లెలు ఇప్పటికీ ఎవరింట్లోనైనా పెళ్లికి వెళితే ఈ కథ చెబుతుంది.

రిసార్టు చేరాక మొదటి రెండు రోజులు స్వర్గమే. అక్కడ చాలా రిసార్టులు గడియారం మాలె కంటే ఒక గంట ముందు పెట్టుకుంటాయి. మా మరిది ఫోనులో మాలె టైము చూసుకుని రెండు పూటలు భోజనాల హాలు మూసే వేళకి చేరాడు. మూడో రోజుకి మా చెల్లెలికి కాలు నిలవలేదు. పొద్దున వెతికితే ఆమ్లెట్లు వేసే బంగ్లాదేశ్ కుర్రాడి పక్కన నిలబడి, పచ్చిమిరపకాయలు ఎంత సన్నగా తరగాలో చూపిస్తోంది. ఒక దీవికి ఒకే రిసార్టు, చుట్టూ నడిచి వస్తే పావుగంట. ఊరు లేదు, బజారు లేదు. మీ అత్తయ్యగారి ప్రశ్నకి మూలం ఇదే.

అన్నం, పప్పు, పెరుగు దొరికాయి. ఇండియా వాళ్లు బాగా వస్తారు కాబట్టి శాకాహారానికి మరీ లోటుండదు, కానీ పప్పులో పోపు మన పోపు కాదు. కందిపొడి డబ్బా, గట్టిగా మూత బిగించిన ఆవకాయ పెట్టుకెళ్లండి. సీ ప్లేన్ ఎక్కేట్టయితే పెట్టె బరువు 20 కిలోల దగ్గర ఆపుతారని గుర్తుంచుకోండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మాల్దీవుల కస్టమ్స్ వాళ్లు మద్యం, పంది మాంసంతో పాటు పూజించే విగ్రహాలనూ రానివ్వరు. అత్తయ్యగారి పూజ సంచిలో చిన్న లక్ష్మీదేవి ఉంటే ఇంట్లోనే ఉంచి బయల్దేరమనండి. ఎయిర్‌పోర్టులో ఆవిడ కంటనీరు పెట్టుకునే పరిస్థితి రాకూడదు.

మోకాళ్ల నొప్పులు కాబట్టి సీ ప్లేన్ మాట మరిచిపోండి. మాలె నుంచి స్పీడ్ బోటులో గంట లోపు చేరే దీవి చూడండి. ఫొటోల్లో అందరూ నీళ్ల మీది వాటర్ విల్లాలే చూపిస్తారు. ఆరేళ్ల పాపతో అది వద్దు. చాలాచోట్ల డెక్కుకి సరైన కంచె ఉండదు, కిందే సముద్రం. చిన్నపిల్లలుంటే కొన్ని రిసార్టులు వాళ్లంతట వాళ్లే ఇవ్వరు. ఇసుక మీది బీచ్ విల్లా, అదీ భోజనాల హాలుకి దగ్గరలో అడగండి.

6 లక్షల 40 వేల లోపల ఏముందో, ఏం లేదో చూద్దాం. అక్కడ గ్రీన్ టాక్స్ అని ఒకటుంది. 2025 జనవరి నుంచి రిసార్టుల్లో తలకి రాత్రికి 12 డాలర్లు. రెండేళ్ల లోపు పిల్లలకే మినహాయింపు. అయిదుగురికి నాలుగు రాత్రులంటే 240 డాలర్లు, మన డబ్బుల్లో ఇరవై వేల పైమాటే. దీనికి తోడు 10 శాతం సర్వీస్ ఛార్జీ, 2025 జూలై నుంచి 17 శాతం జీఎస్టీ. రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే ఈ సర్వీస్ ఛార్జీ, జీఎస్టీ ఇంకా కలపలేదని అర్థం. స్పీడ్ బోటు ఖర్చు కలిపాడో లేదో వేరే అడగాలి, అది మరిచిపోవడం ఏజెంట్లకు అలవాటు. స్కూబా, జెట్ స్కీ, మసాజు మామూలుగా ఏ ప్యాకేజీలోనూ ఉండవు.

ఇక్కడ మన ప్రభుత్వం ఏజెంటు ద్వారా ముందే వసూలు చేసే పన్ను, టీసీఎస్, ఇంకొకటి. విదేశీ టూర్ ప్యాకేజీ మీద 2023 అక్టోబరు నుంచి 7 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం చేశారు. 2025 ఏప్రిల్‌లో ఆ హద్దు 10 లక్షలకు జరిగింది. 2026 ఏప్రిల్ నుంచి హద్దు లేకుండా 2 శాతం చేశారు. ఈ రేట్లు బడ్జెట్ బడ్జెట్‌కీ మారతాయి, డబ్బు కట్టేనాటి రేటు అడగండి. ఇది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు మీ పన్నులో సర్దుబాటవుతుంది. మీవారిది బ్యాంకు ఉద్యోగం కాబట్టి ఎవరి పాన్ మీద కట్టాలో ఆయనకే బాగా తెలుస్తుంది.

నేనైతే ఇలా చేస్తాను. నాలుగు రాత్రులూ రిసార్టులో పెట్టను. మొదటి రెండు మాఫుషి లాంటి ఊరున్న దీవిలో, గెస్ట్‌హౌసులో. చిన్న గెస్ట్‌హౌసుల్లో గ్రీన్ టాక్స్ కూడా సగమే, 6 డాలర్లు. ఊళ్లో మద్యం దొరకదు, మీకు దాంతో పనే లేదు. ఈత దుస్తులకు వేరే బీచ్ ఉంటుంది, మిగతా ఊళ్లో ఒళ్లు కప్పుకునే బట్టలు కట్టుకోవాలి, మన చీర, పంజాబీ డ్రెస్సు చక్కగా సరిపోతాయి. చేపల పడవలు, మసీదు, బడికెళ్లే పిల్లలు, కిరాణా కొట్టు కనిపిస్తాయి. అత్తయ్యగారు అరుగు లాంటి చోటు చూసుకుని కూర్చుంటే మనుషుల రాకపోకలు చూడొచ్చు. తర్వాత రెండు రాత్రులు రిసార్టులో ఫుల్ బోర్డు. మా చెల్లెలికి విసుగు పుట్టింది మూడో రోజు అని చెప్పాను కదా.

ఏప్రిల్ చివర్లో సెలవులు ఇవ్వగానే బయల్దేరండి. మే నడుస్తున్న కొద్దీ అక్కడ నైరుతి వానలు మొదలవుతాయి. అప్పుడు రేట్లు తగ్గుతాయి నిజమే, గదిలో కూర్చుని వాన చూడాల్సిన రోజులూ పెరుగుతాయి.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. రాజమండ్రి నుంచి అమ్మానాన్న వచ్చారు. వాళ్లతో కలిసి మెక్సికోలోని కాన్‌కూన్‌లో ఆల్ ఇన్‌క్లూజివ్ తీసుకుందామంటే, నాన్నగారికి భోజనం భయం. వీసా సంగతి కూడా చెప్పండి.
— ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు బాబూ. తిరిగి రావడానికీ అదే వీసా కావాలి కాబట్టి గడువు తేదీ రెండుసార్లు చూడండి. కాన్‌కూన్‌లో హోటళ్లు ఎక్కువగా ఈ పద్ధతిలోనే నడుస్తాయి, అక్కడ మీకు అది తప్పు బేరం కాదు. పెద్దవాళ్లను తీసుకుని రోజూ రాత్రి హోటలు వెతుక్కునే శ్రమ తప్పుతుంది.

నాన్నగారి భయంలో మాత్రం నిజముంది. చిక్కుడు గింజల ముద్ద ఒకటి పెడతారు, చూడటానికి మన పప్పులాగే ఉంటుంది. చాలాచోట్ల దాన్ని పంది కొవ్వుతో వండుతారు. స్పానిష్‌లో ఆ కొవ్వు పేరు మాంతేకా. "సిన్ మాంతేకా?" అని అడగడం నేర్చుకోండి, అది లేకుండా చేశారా అని. అన్నం కోడి పులుసునీళ్లలో ఉడికించడమూ ఉంది. కుళాయి నీళ్లు తాగొద్దు. వేసవిలో ఒడ్డుకి గోధుమరంగు నాచు గుట్టలుగా కొట్టుకొస్తుంది, వాసన కూడా. వీలైతే చలికాలం వెళ్లండి.

ప్రశ్న: థాయ్‌లాండ్ గ్రూప్ టూరు "అన్నీ కలిపి" అని మా ఊరి ట్రావెల్స్ వాళ్లు కరపత్రం ఇచ్చారు. ఇది కూడా ఆల్ ఇన్‌క్లూజివేనా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: కాదండీ. అది బస్సు, హోటలు, గైడు కలిపిన ప్యాకేజీ. పట్టాయా దగ్గర కోరల్ ఐలాండుకి తీసుకెళతారు, మధ్యలో పారాసెయిలింగ్ తెప్ప దగ్గర పడవ ఆపుతారు, ఎక్కాలంటే అక్కడికక్కడే డబ్బు. గైడు టిప్పులు, కొన్ని మధ్యాహ్న భోజనాలు కూడా చాలాసార్లు విడిగానే. కరపత్రం వెనకవైపు చిన్న అక్షరాల్లో "కలపనివి" అనే జాబితా ఉంటుంది, ముందు అది చదివి తర్వాత బొమ్మలు చూడండి. మీకిచ్చిన కాగితానికి వెనకవైపు ఖాళీగా ఉంటే ఆ జాబితా రాసి, ముద్ర వేసి ఇమ్మనండి. ఇచ్చాకే అడ్వాన్సు కట్టండి.