పెద్ద కంపెనీ పిలుపు ఎప్పుడొస్తుంది? ఇండీ రెజ్లర్ల మీద మీ ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో, మెయిల్స్‌లో ఎక్కువ రెజ్లింగ్ మీదే వచ్చాయి, అందుకే మిగతా ఆటలన్నీ పక్కనపెట్టి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను. పేర్లు వద్దని కొందరు అడిగారు కాబట్టి అందరివీ ఊళ్ళే రాస్తున్నా.

డిగ్రీ సెకండియర్ కుర్రాడు, హన్మకొండ: 2023 సెప్టెంబర్‌లో గచ్చిబౌలి స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ షో చూశా సార్, జాన్ సీనాని కళ్ళారా చూసిన దగ్గర్నుంచి నాకు వేరే ధ్యాస లేదు. ఇండీ రెజ్లర్‌గా స్టార్ట్ చేసి పెద్ద కంపెనీకి వెళ్ళాలంటే ఎన్నేళ్ళు పడుతుంది? అసలు ఇండీ అంటే కరెక్ట్‌గా ఏంటి?

ముందు రెండోదానికి చెప్తా తమ్ముడూ. డబ్ల్యూడబ్ల్యూఈ, ఏఈడబ్ల్యూ లాంటి, టీవీలో వచ్చే పెద్ద రెజ్లింగ్ కంపెనీల కాంట్రాక్ట్ లేకుండా, ఈ వారం ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికెళ్ళి షోకి ఇంత అని మాట్లాడుకుని ఆడేవాళ్ళే ఇండీ రెజ్లర్లు. స్కూల్ జిమ్‌లు, కమ్యూనిటీ హాళ్ళు, మాజీ సైనికుల క్లబ్బులు, షోలు జరిగేది ఇలాంటి చోట్ల. కాలిఫోర్నియాలో పీడబ్ల్యూజీ అనే చిన్న కంపెనీ ఏళ్ళ తరబడి రెసీడాలో ఒక అమెరికన్ లీజియన్ హాల్లో షోలు పెట్టింది, ఓ నాలుగొందల మంది వస్తే కిక్కిరిసిపోయే హాలు అది, ఇవాళ టీవీలో మెయిన్ ఈవెంట్లు ఆడే చాలామంది అక్కడ చెమటోడ్చి వచ్చినవాళ్ళే.

ఇక ఎన్నేళ్ళు అంటే, కెవిన్ ఓవెన్స్ మొదటి మ్యాచ్ ఆడింది 2000లో, సరిగ్గా తన పదహారో పుట్టినరోజున, డబ్ల్యూడబ్ల్యూఈ అతన్ని తీసుకుంది 2014లో. డేనియల్ బ్రయన్ 1999లో మొదలుపెట్టాడు, 2002లో ఫిలడెల్ఫియాలో రింగ్ ఆఫ్ ఆనర్ అనే ఇండీ కంపెనీ పెట్టిన మొట్టమొదటి షోలో మెయిన్ ఈవెంట్ ఆడాడు, అయినా డబ్ల్యూడబ్ల్యూఈ టీవీలో రెగ్యులర్‌గా కనపడింది 2010లో. వీళ్ళిద్దరూ చిన్నప్పట్నుంచే అద్భుతం అనిపించుకున్నవాళ్ళు, వాళ్ళకే పదేళ్ళ పైన పట్టింది.

కానీ నువ్వు తెలుసుకోవాల్సింది ఎడ్డీ కింగ్‌స్టన్ గురించి. న్యూయార్క్ పక్కన యాంకర్స్ అనే ఊరు అతనిది. 2002లో మొదలుపెట్టి చికారా, రింగ్ ఆఫ్ ఆనర్, ఇంకా చిన్నాచితకా కంపెనీలన్నీ తిరిగాడు, మధ్యలో ఇంపాక్ట్ అనే ఇంకో కంపెనీ టీవీ షోలో కూడా కనిపించాడు కానీ అది నిలబడలేదు. పొడుగు మనిషి కాదు, చెక్కినట్టుండే కండలూ లేవు. మైక్ పట్టుకుంటే మాత్రం హాలంతా నిశ్శబ్దం అయిపోతుంది, ఎందుకంటే అతను మాట్లాడేదంతా సొంత జీవితం, డిప్రెషన్ గురించి కూడా దాచుకోకుండా చెప్పిన మనిషి. 2020లో కరోనాతో ఇండీ షోలన్నీ మూతపడ్డాయి, వారం వారం వచ్చే నాలుగు డాలర్లూ ఆగిపోయాయి, ఇంటి లోన్ కట్టడానికి రింగ్‌లో వేసుకునే బూట్లు అమ్ముకునే దాకా వచ్చింది పరిస్థితి. ఆ టైంలో ఏఈడబ్ల్యూలో ఛాంపియన్ కోడీ రోడ్స్ తన టీఎన్‌టీ టైటిల్ మీద ఎవరైనా రండి అని ఓపెన్ ఛాలెంజ్ పెడుతున్నాడు, జూలై 22న కింగ్‌స్టన్‌ని పిలిచారు. జాక్సన్‌విల్‌లో జనం లేని ఓపెన్ ఎయిర్ థియేటర్, పద్దెనిమిదేళ్ళు ఎదురుచూసిన ఛాన్స్ వస్తే కుర్చీలు ఖాళీ. మ్యాచ్‌కి ముందు మైక్ తీసుకుని మాట్లాడాడు, ఆ తర్వాత ఆడాడు, ఓడిపోయాడు కూడా. కానీ ఆ రాత్రి నుంచి ఇతనికి కాంట్రాక్ట్ ఇవ్వండి అని ఫ్యాన్స్ సోషల్ మీడియాలో పట్టుబట్టారు, నెల తిరక్కుండానే ఏఈడబ్ల్యూ ఇచ్చేసింది. 2023 సెప్టెంబర్‌లో న్యూయార్క్ ఆర్థర్ ఆష్ స్టేడియంలో, సొంతూరి జనం ముందు, క్లాడియో కాస్టన్యోలీని ఓడించి రింగ్ ఆఫ్ ఆనర్ వరల్డ్ టైటిల్ గెలిచాడు. ఈ క్లాడియోతో చిన్న హాళ్ళల్లో ఎన్నో ఏళ్ళ కిందట మొదలైన పగ అది.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తే, ఎన్నేళ్ళని ఎవరూ లెక్క చెప్పలేరు, అది నీ చేతిలో లేదు. పిలుపొచ్చే రోజుకి నువ్వింకా ఆడుతూ ఉండటం, ఆడగలిగే ఒంటితో ఉండటం, అంతవరకే నీ చేతిలో ఉన్నది. కింగ్‌స్టన్ ఆ బూట్లతో పాటు రెజ్లింగ్ కూడా వదిలేసి ఉంటే కోడీ ఛాలెంజ్ ఇంకొకరికి పోయేది. కాబట్టి డిగ్రీ వదలకు, పదేళ్ళు బతకనిచ్చే పని ఒకటి చేతిలో పెట్టుకుని అప్పుడు దిగు. ఇది నిన్ను వెనక్కి లాగడానికి చెప్పట్లేదు, అక్కడ నిలబడ్డవాళ్ళల్లో చాలామంది పగలు వేరే ఉద్యోగం చేసుకుంటూనే వచ్చారు.

ప్రైవేట్ ఉద్యోగి, విజయవాడ: ఇండీ రెజ్లర్లకి అసలు డబ్బులెలా వస్తాయి? టికెట్లలో వాటా ఉంటుందా?

వాటా లేదండి, షోకి ఇంత అని ముందే మాట్లాడుకుంటారు. కొత్తవాళ్ళకి చాలాసార్లు పెట్రోల్ ఖర్చు, ఒక పూట తిండి, అంతే. పైగా మధ్యాహ్నమే వెళ్ళి లారీలోంచి ఇనప దూలాలు, చెక్కలు దింపి రింగ్ బిగించాలి, షో అయ్యాక అదే రింగ్ విప్పి మళ్ళీ లారీకి ఎక్కించాలి. ట్రైనింగ్ ఫీజు సొంతం, డ్రెస్సు, మోకాళ్ళ ప్యాడ్లు సొంతం, దెబ్బ తగిలితే ఆస్పత్రి బిల్లూ సొంతమే. నలుగురు కలిసి ఒక కార్లో ఐదారు గంటలు డ్రైవ్ చేసుకుంటూ శుక్రవారం ఒక ఊరు, శనివారం ఇంకో ఊరు, ఆదివారం మరో ఊరు.

నిజంగా నాలుగు రూపాయలు మిగిలేది మెర్చ్ టేబుల్ దగ్గర. ఇంటర్వెల్‌లో గోడవారగా టేబుళ్ళేసి ఉంటాయి, ఇప్పుడే రింగ్‌లో దెబ్బలు తిన్న మనిషి ఒళ్ళంతా చెమటతో వచ్చి నిలబడి టీషర్టులు, సంతకం పెట్టిన ఫోటోలు అమ్ముతాడు, పిల్లలతో సెల్ఫీలు దిగుతాడు, విలన్ అయితే బూతు తిట్టించుకుని మరీ అమ్ముతాడు. ఆ రాత్రి ప్రమోటర్ ఇచ్చినదానికంటే ఈ టేబుల్ మీద వచ్చింది ఎక్కువుండే రోజులు చాలా. షికాగోలో ప్రో రెజ్లింగ్ టీస్ అని ఒక షాపుంది, ఇండీ వాళ్ళ డిజైన్లు వాళ్ళే ప్రింట్ చేసి ఆన్‌లైన్‌లో అమ్మి రెజ్లర్‌కి వాటా ఇస్తారు, దానివల్ల ఇంటద్దె గడిచిన వాళ్ళు ఎంతోమంది. యంగ్ బక్స్ అన్నదమ్ములిద్దరు టీషర్టులు, యూట్యూబ్‌లో సొంత వీడియోలు, వీటితోనే ఎంత పెద్దవాళ్ళయ్యారంటే, 2018 సెప్టెంబర్ 1న కోడీ రోడ్స్‌తో కలిసి షికాగో శివార్లలో సొంతంగా షో పెడితే పది వేల పైన టికెట్లు అరగంటలో అయిపోయాయి, 2019లో ఏఈడబ్ల్యూ పుట్టడానికి దారి వేసింది ఆ షోనే. టీషర్ట్ అమ్ముకోవడం చిన్నతనం అనుకునే మన కుర్రాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

రిటైర్డ్ టీచర్, ఖమ్మం: గెలుపోటములు ముందే అనుకుంటారు కదా, మరి దెబ్బలెందుకు తగులుతాయి? ఇదంతా నాటకం కాదా?

ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు, నిజమే మాస్టారూ. కానీ రింగ్ మెత్తగా ఉంటుందనుకుంటే పొరపాటే. ఇనప ఫ్రేము, దాని మీద చెక్కలు, వాటి మీద పల్చటి ఫోమ్, పైన గట్టిగా లాగి కట్టిన కాన్వాస్. వెల్లకిలా పడటాన్ని బంప్ అంటారు, మొదటి నెలల్లో నేర్పేదంతా అదే. గడ్డం ఛాతీకి ఆనించాలి, లేకపోతే తల వెనక్కి వెళ్ళి చెక్కకి కొట్టుకుంటుంది. చేతులు పక్కకి చాచి అరచేతులతో నేలని చరచాలి, ఊపిరి వదిలెయ్యాలి, వీపు పైభాగం మొత్తం ఒకేసారి ఆనాలి. ఎంత కరెక్ట్‌గా పడ్డా నొప్పే, ఎక్కడ పడాలో తెలుసుంటుంది కాబట్టి మెడ విరగదు, అంతే. తాళ్ళ మీదకి పరిగెత్తి వెనక్కి రావడం చూడ్డానికి ఆటలా ఉంటుంది, కొత్తలో పక్కటెముకల కింద నల్లగా కమిలిపోయి వారం దాకా పడుకోలేరు. డేనియల్ బ్రయన్ లాంటి మనిషి తలకి పదే పదే దెబ్బలు తగిలి 2016లో రిటైర్మెంట్ ప్రకటించాల్సొచ్చింది, మళ్ళీ డాక్టర్లు ఒప్పుకునేసరికి 2018 అయింది. కింగ్‌స్టన్‌కీ 2024 మేలో కాలు విరిగి, మోకాల్లో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగి ఏడాదికి పైగా రింగ్‌కి దూరమయ్యాడు, అప్పటికి చేతిలో కాంట్రాక్ట్ ఉంది కాబట్టి సరిపోయింది, అదే గాయం ఇండీలో ఉన్నప్పుడు తగిలుంటే ఏమయ్యేదో ఆలోచించండి.

నాటకం అన్నారు కదా, పౌరాణిక నాటకంలో భీముడు గెలుస్తాడని తెలిసే కదండీ తెల్లారేదాకా కూర్చుని చూసేవాళ్ళం. మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకుని, సొంత సర్కస్ కంపెనీ పెట్టుకుని ఊరూరా టికెట్టు మీద చూపించారు, బలాన్ని ప్రదర్శనగా చూపించడం మనకి కొత్తేం కాదు.

ఒక తల్లి, గుంటూరు: మా అబ్బాయి డాలస్ దగ్గర ఎమ్మెస్ చేస్తున్నాడు. శనాదివారాలు రెజ్లింగ్ స్కూల్‌కి వెళ్తున్నానని మొన్న చెప్పాడు, త్వరలో మ్యాచ్‌లు కూడా ఇస్తారట, డబ్బులు కూడా వస్తాయట. చదువు పోతుందేమోనని నిద్ర పట్టట్లేదు. వద్దని చెప్పమంటారా?

అమ్మా, వద్దని చెప్తే దాచిపెట్టి చేస్తాడు, అది ఇంకా ప్రమాదం. మీకు దాచకుండా చెప్పాడంటేనే మీ మీద నమ్మకం ఉందని అర్థం, దాన్ని పోగొట్టుకోకండి.

చదువు కంటే ముందు చూసుకోవాల్సింది వీసా. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు అనుమతి లేకుండా బయట డబ్బుకి పని చెయ్యకూడదు, రెజ్లింగ్ మ్యాచ్‌కి ఇచ్చే యాభై డాలర్లూ పనికిందికే వస్తాయి, టీషర్టులు అమ్ముకోవడం కూడా అంతే. ఫీజు కట్టి నేర్చుకోవడం వేరు, డబ్బు తీసుకుని జనం ముందు ఆడటం వేరు. ఊరికే ఆడుతున్నా కదా అని కూడా సొంతంగా తేల్చుకోవద్దు, యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసుంటుంది, అక్కడికెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పి అడగమనండి, జవాబు మెయిల్‌లో రాయించుకోమనండి. అథ్లెట్లకి పీ-1 అని వేరే వీసా ఉంది, విదేశీ రెజ్లర్లు చాలామంది అలా వెళ్తారు, కానీ దానికి పేరు, రికార్డు ఉండాలి, మొదటి ఏడాది కుర్రాడికి అయ్యేపని కాదు. రెండోది ఇన్సూరెన్స్, పాలసీ కాగితాల్లో ప్రొఫెషనల్ స్పోర్ట్స్ గాయాలకి కవర్ ఉందో లేదో చదివి మీకు ఫోన్ చేసి చెప్పమనండి, అమెరికాలో మోకాలి ఆపరేషన్ బిల్లు మీ ఊళ్ళో ఇల్లు తాకట్టు దాకా తెస్తుంది. ఈ రెండూ సరిగ్గా ఉంటే నేర్చుకోనివ్వండి అమ్మా, ఒంటికి క్రమశిక్షణ వస్తుంది, ఒంటరితనం పోతుంది, పరాయి దేశంలో పిల్లలకి అది తక్కువ సంగతి కాదు.

ఇంటర్ అమ్మాయి, కర్నూలు: నేను జిల్లా స్థాయి వెయిట్‌లిఫ్టర్‌ని సార్. ఇండియాలో ఉండి, అందులోనూ అమ్మాయిని, ఇది కుదురుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

కుదిరింది తల్లీ, నీలాంటి అమ్మాయికే కుదిరింది. హర్యానాకి చెందిన కవితా దేవి వెయిట్‌లిఫ్టరే. గ్రేట్ ఖలీ 2015లో జలంధర్‌లో పెట్టిన సీడబ్ల్యూఈ అకాడమీలో నేర్చుకుంది, అక్కడ సల్వార్ కమీజ్‌లో ఆడిన మ్యాచ్ వీడియో ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడికో పోయింది. 2017 ఏప్రిల్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ దుబాయ్‌లో పెట్టిన సెలక్షన్స్‌కి వెళ్ళింది, అదే ఏడాది వాళ్ళ ‘మే యంగ్ క్లాసిక్’ అనే మహిళల టోర్నమెంట్‌లో ఆడింది. మొదటి రౌండ్‌లోనే డకోటా కాయ్ చేతిలో ఓడిపోయింది, అయినా డబ్ల్యూడబ్ల్యూఈ రింగ్‌లో ఆడిన మొదటి భారతీయ మహిళ తనే.

మన దగ్గర ఒక పెద్ద లోటు ఉంది, ఇది నాకు నిజంగా బాధ. అమెరికాలోలా వారం వారం ఆడటానికి మనకి చిన్న షోల వరస లేదు. అందుకే ఇక్కణ్ణుంచి వెళ్ళినవాళ్ళల్లో ఎక్కువమంది ఇండీ దారిలో కాకుండా వేరే ఆటలో పేరు తెచ్చుకుని సెలక్షన్స్‌లో దొరికినవాళ్ళే. రింకూ సింగ్ బేస్‌బాల్ పిచ్చర్, 2018లో డబ్ల్యూడబ్ల్యూఈకి వచ్చాడు. 2019లో ముంబయిలో సెలక్షన్స్ పెట్టినప్పుడూ ఇతర ఆటలవాళ్ళు బోలెడుమంది వచ్చారు.

కాబట్టి నువ్వు వెయిట్‌లిఫ్టింగ్ అస్సలు మానకు, రాష్ట్ర స్థాయి, ఆ పైన నేషనల్స్ దాకా వెళ్ళు, సర్టిఫికెట్లన్నీ జాగ్రత్త చెయ్యి. పక్కనే జిమ్నాస్టిక్స్ కోచ్ దొరికితే ముందుకి, వెనక్కి దొర్లడం నేర్చుకో, బంప్ మాత్రం యూట్యూబ్ చూసి ఇంట్లో పరుపు మీద ట్రై చెయ్యొద్దు, మెడకి ప్రమాదం. ఇంటర్ అయ్యాక అమ్మానాన్నని తీసుకుని జలంధర్ వెళ్ళి అకాడమీ చూడండి, అమ్మాయిలకి హాస్టల్ ఎలా ఉంది, లేడీ ట్రైనర్ ఉన్నారా, ఫీజులో ఏమేం వస్తాయి, అన్నీ కళ్ళతో చూసి, అక్కడున్న అమ్మాయిలతో విడిగా మాట్లాడి అప్పుడే డబ్బు కట్టండి. విదేశాల్లో ఛాన్స్ ఇప్పిస్తాం అని ముందే లక్షలడిగే ఏజెంట్లు ఫోన్ చేస్తే నంబర్ బ్లాక్ చేసెయ్, నేను చెప్పిన వాళ్ళెవరూ అలా వెళ్ళలేదు.

ఇంకోటి, ఇవాళే మొదలుపెట్టొచ్చు. ఫోన్ ఎదురుగా పెట్టుకుని రోజూ రెండు నిమిషాలు మాట్లాడు, నువ్వెవరు, ఏ ఊరు, ఎవరిని ఓడించాలనుకుంటున్నావు, ఎందుకు. ముందు తెలుగులో, అది బాగా వచ్చాక హిందీలో, ఇంగ్లీష్‌లో. చూసి సిగ్గేసినా డిలీట్ చెయ్యకు, నెలకోసారి పాతవి పెట్టి చూసుకో. ఒక ఆరు నెలల తర్వాత నీకు నచ్చిన వీడియో ఒకటి నాకు పంపు, చూసి ఎలా ఉందో ఇక్కడే రాస్తా.