‘గో’ వెనకాల నిలబడే చిన్న మాటని చూడు పాపా

పాపా,

నువ్వు పంపిన రెండు కథలూ, ఇంగ్లీషు నుంచి తెలుగు చేసిన ఆ పెద్ద కథా మొత్తం చదివినా. సొంత కథల గురించి ఇంకోసారి రాస్తా, వాటిల్లో మీ పలమనేరు పక్క మాట బతికే ఉండాది, ఎవరు మార్చమన్నా మార్చొద్దు. ఈ ఉత్తరం మాత్రం అనువాదం గురించే, అందులోనూ ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి, ‘గో’, అదే పోవడం. కష్టమైన మాటలకి నువ్వు డిక్షనరీ చూసుకున్నావు, అది తెలస్తానే ఉండాది, అవన్నీ బాగా కుదిరినాయి. తప్పు పడిన చోటల్లా చూస్తే ‘గో’ ఉండాది. చిన్నప్పుడే నేర్చుకున్న మాట కదా, దానికోసం డిక్షనరీ ఎవరు తీస్తారు?

ఆ కుక్క సంగతి చూడు. ‘ది డాగ్ వెంట్ ఫర్ హిమ్’ అని ఉంటే నువ్వు ‘కుక్క అతని కోసం వెళ్ళింది’ అని రాసినావు. చదివేవాళ్ళు కుక్క వాడిని వెతుక్కుంటా పోయిందనుకుంటారు. అక్కడ జరిగిందేమో కుక్క మీదపడి కరవబోయింది. తర్వాత పేజీలో వాడి చేతికి కట్టు ఎందుకుందో నీ తెలుగు చదివినోళ్ళకి తెలీనే తెలీదు, కథలో ఒక గడప ఊడిపోయినట్టే. ‘ఫర్’ అంటే కోసం అని స్కూల్లో చెప్పింది అబద్ధం కాదు, ‘గో ఫర్ మిల్క్’ అంటే పాలకోసం పోవడమే. కానీ ఇల్లు గురించి మాట్లాడతా ‘వెంట్ ఫర్’ ఇంత లక్షలు అంటే ఆ ధరకి అమ్ముడుపోయిందని, హోటల్లో మెనూ చూసి ‘ఐ విల్ గో ఫర్ ది దోసె’ అంటే నాకు దోసే కావాలని, భయపడతా నిలబడిన పిల్లోడితో ‘గో ఫర్ ఇట్’ అంటే కానియ్, దూకెయ్ అని. అంటే ‘గో’ ఒక్కదాన్ని పట్టుకుంటే అర్థం చేతికి రాదు, ముందర ఎవరుండారు, వెనకాల ఏ చిన్న మాటుంది, దాని తర్వాత ఏముంది, అంతా ఒక్కసారిగా చూడాల.

‘ఆఫ్’ ఇంకా తిప్పలు పెడతాది. ‘ది లైట్స్ వెంట్ ఆఫ్’ అంటే లైట్లు ఆరిపోయినాయి, ఒక పని ఆగింది. ‘ది అలారమ్ వెంట్ ఆఫ్’ అంటే అలారం మోగింది, పని మొదలైంది! అవే రెండు మాటలు, ఒకచోట ఆగడం, ఇంకోచోట మొదలవడం. బాంబు ‘వెంట్ ఆఫ్’ అంటే పేలింది. బ్రిటన్ వాళ్ళు పాలు ‘వెంట్ ఆఫ్’ అంటే పాలు పాడైపోయినాయి, అమెరికా వాళ్ళయితే ‘వెంట్ బ్యాడ్’ అంటారు, కాబట్టి కథ ఏ దేశానిదో కూడా మనసులో పెట్టుకోవాల. నువ్వు అలారం దగ్గర ‘ఆగిపోయింది’ అని రాసినావు, అందుకే ఆమె ఉలిక్కిపడి ఎందుకు లేచిందో అర్థంకాలేదు.

ఇది ఇంగ్లీషు వాళ్ళ వింత అనుకోవద్దు, మనకీ ఉండాది. మన తిరుపతిలో కొండెక్కడం అంటే తిరుమలకి పోవడం. మరి దీపం కొండెక్కింది అంటే? ఆరిపోయింది, ఆ మాట నోటితో అనకూడదని పెద్దోళ్ళు అట్లా అంటారు. ధరలు కొండెక్కినాయి అంటే? పెరిగిపోయినాయి. వీటిని ఎవరైనా ఇంగ్లీషు చేస్తే దీపానికి ‘వెంట్ ఔట్’ అని, ధరలకి ‘వెంట్ అప్’ అని రాయాల, రెంటికీ ‘క్లైమ్డ్ ది హిల్’ అని రాస్తే నువ్వే ఒప్పుకోవు. ఆ కుక్కకి నువ్వు చేసింది సరిగ్గా అదే.

ఇంకొకటి గమనించు, వాళ్ళు ‘గో’ని ముందర పెట్టి చిన్న మాటని వెనకాల తగిలిస్తారు, మనమేమో అసలు పనిని ముందర చెప్పి పోవడాన్ని చివరన తగిలిస్తాం. విరిగిపోయింది, తడిసిపోయింది, అయిపోయింది, మర్చిపోయినా, వీటిల్లో ఎవరూ ఎక్కడికీ పోలేదు, కానీ జరిగిపోయింది ఇంక వెనక్కి రాదు అనే బరువంతా ఆ ‘పోయింది’లోనే ఉండాది. చీరకి జాకెట్టు ‘గోస్ విత్’ అంటే మనకి సరిపోయింది, అందులో కూడా పోవడమే కదా! పైన కుక్క కరవబోయింది అన్నానే, ఆ ‘బోయింది’ కూడా పోయిందే. ఇంగ్లీషులోనూ ‘గోయింగ్ టు’ అట్లే జరగబోయేదాన్ని చెప్తాది, ‘షి ఈజ్ గోయింగ్ టు క్రై’ అంటే ఏడవబోతోంది. మాటల్లో అది ‘గొన్నా’ అవుతాది, అయితే ఒక కట్టుబాటు ఉండాది, ‘గొన్నా ఈట్’ అంటారు గానీ ‘గొన్నా తిరుపతి’ అనరు, నిజంగా ఊరికి పోయేటప్పుడు ఆ మాట కుదరదు. నాకు ఇది చాలా ఇష్టమైన విషయం, ఎక్కడో దూరంగా ఉన్న రెండు భాషలు ఒకే దోవ పట్టినాయి.

కాబట్టి ‘ఆమె ఎన్నో బాధల గుండా వెళ్ళింది’ లాంటి వాక్యం ఎప్పుడూ రాయొద్దు పాపా. ఈమధ్య పేపర్లలో, టీవీల్లో కూడా వస్తా ఉండాది, చూసినప్పుడల్లా నాకు మనసు కష్టమవుతాది. ‘గో త్రూ’ చూసి గుండా అని పెట్టేస్తారు. మీ అవ్వ ఏమంటాది? ‘ఆ బిడ్డ ఎన్ని అగచాట్లు పడిందో’ అంటాది. పడింది, అంతే. అదే ‘గో త్రూ’ కాగితాలతో వస్తే ఒకసారి మొత్తం చూసినాడు, వాడి జేబులతో వస్తే వెతికినాడు. ‘యాజ్ ఇయర్స్ వెంట్ బై’ దగ్గర నువ్వు ‘సంవత్సరాలు పక్కనుంచి వెళ్ళగా’ అని రాసినావు, మనకి రాను రాను, పోను పోను అని ఎంత చక్కటి మాటలుండాయి!

నువ్వు ఇంగ్లీషులో కూడా రాయాలని అడిగినావు కదా, దానికి రెండు మాటలు. ఇంటికి పోయేటప్పుడు ‘గో హోమ్’, మధ్యలో ‘టు’ రాదు. బస్సులో అయితే ‘బై బస్’, నడిచి అయితే ‘ఆన్ ఫుట్’, మన దగ్గర అందరూ అనే ‘బై వాక్’ వాళ్ళ ఇంగ్లీషులో లేదు. ‘గివ్ ఇట్ అప్’ అన్నట్టు ‘గో ఇట్ ఓవర్’ అనడానికి లేదు, ‘గో ఓవర్ ఇట్’ (దాన్ని ఒకసారి మొత్తం చూడు) అనే అనాల, ఎందుకంటే ఇక్కడ ‘గో’కి సొంతంగా కర్మ ఉండదు, మధ్యలో ‘ఇట్’ దూరదు. (ఆ ‘వెంట్’ కూడా నిజానికి ‘గో’ది కాదు, ‘వెండ్’ అనే పాత క్రియ నుంచి తెచ్చుకున్నారు.) అయితే నీ కథలో తిరుపతిలో ఆటో నడిపే అన్న ‘ఐ విల్ గో అండ్ కమ్’ అంటే దాన్ని దిద్దొద్దు. పోయొస్తా అనే మన మర్యాద ఆయన ఇంగ్లీషులో పలకతా ఉండాది, పోతా అని ఊరికే అనేసి గడప దాటడం మనకి లేదు కదా, అది ఆయన గొంతు, అట్లే ఉండనీ.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తా. ఆ ఇంగ్లీషు కథ మళ్ళీ తీసుకో, ‘గో’, ‘గోస్’, ‘వెంట్’, ‘గాన్’, ‘గోయింగ్’ వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో చుట్టు, దాని వెనకాల చిన్న మాటని కూడా కలిపే చుట్టు, విడిగా వద్దు. తర్వాత పుస్తకం మూసేసి, అక్కడ ఏం జరిగిందో మీ అవ్వకి చెప్తా ఉన్నట్టు గట్టిగా చెప్పు, నోట్లో ఏమొస్తే అదే రాసుకో. కొన్నిచోట్ల తెలుగులో పోవడమే రాదు, పడటమో రావడమో తగలడమో వస్తాది, రానీ. ఇంకో సంగతి, సొంత కథల్లో ‘పోయింది’ అని రాసేదానివి, అనువాదంలోకి రాంగానే అంతటా ‘వెళ్ళింది’ అయిపోయింది ఎందుకు? పల్లెటూరి ముసలాయన మాట్లాడే చోట అయినా ‘పోయినా’ అనిపించు.

ఒకచోట మాత్రం నాకే తెగలేదు. ఏడో పేజీలో తల్లి చివరికి కొడుకుతో ‘గో ఆన్’ అంటాది. ఇంకా చెప్పు అంటా ఉండాదా, సరే పో అని పంపిస్తా ఉండాదా, లేదా చాల్లే ఊరుకో, నమ్మేమాటేనా అని తోసిపుచ్చతా ఉండాదా, మూడిటికీ ఆ రెండు మాటలే సరిపోతాయి. దాని ముందర పేజీ నువ్వు నాకు పంపలేదు. ముందర వాడు ఏమన్నాడో చూసి, నీకేమనిపించిందో రాసి, ఆ పేజీతో కలిపి పంపు.

ఉంటా,
మీ అన్న
తిరుపతి