పెళ్లి వీడియో టేపులో బాగుంది, డీవీడీలో గళ్లు: తప్పు ఎక్కడ?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. అక్కగారి పెళ్లి మినీడీవీ (క్యామ్‌కార్డర్‌లో వేసే చిన్న డిజిటల్ టేపు) క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎడిట్ చేసి డీవీడీ రాశారు. క్యామ్‌కార్డర్‌ని నేరుగా టీవీకి తగిలిస్తే బొమ్మ శుభ్రంగా ఉంది. డీవీడీలో మాత్రం గళ్లు, మనుషులు కదిలితే అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు. కెమెరా పాతబడిపోయిందా అని అడిగారు. కాదండి. నేరుగా చూస్తే బాగుందంటే కెమెరా, టేపు రెండూ బాగున్నట్టే. చెడింది తర్వాతి మెట్లలో.

మా చెల్లెలి పెళ్లి టేపులతో నేనూ ఇదే బాధ పడ్డాను. మూడు టేపులు, మూడు గంటలు. ఐదారు డిస్కులు చెత్తబుట్టలో పడ్డాక గానీ తప్పు ఒకటి కాదని తెలియలేదు.

ముందు ఫైలు సైజు చూడండి. గంట డీవీ (ఆ టేపులో ఉండే డిజిటల్ వీడియో) కంప్యూటర్‌లో సుమారు 13 జీబీ ఉండాలి. మీది ఒకటో రెండో జీబీ ఉందంటే ఎక్కించేటప్పుడే నాణ్యత పోయింది. నేను మొదట యూఎస్‌బీ కేబుల్‌తో ఎక్కించాను. చాలా మినీడీవీ కెమెరాల్లో ఆ యూఎస్‌బీ ఫొటోలకో, వెబ్‌క్యామ్ స్థాయి చిన్న బొమ్మకో పెట్టింది. అసలు దారి ఫైర్‌వైర్ అనే వేరే రకం కనెక్షన్. కెమెరా మీద డీవీ అనో ఐలింక్ అనో రాసి ఉండే బుల్లి సాకెట్ అదే. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి వెళ్లి ఫైర్‌వైర్ కార్డు, కేబుల్ తెచ్చి పాత డెస్క్‌టాప్‌లో బిగించాను. విన్‌డీవీ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో టేపులో ఉన్నది ఉన్నట్టు డీవీ ఏవీఐ అనే ఫైలుగా దిగింది. అన్నట్టు, ఎక్స్‌టర్నల్ డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే ఫైలు 4 జీబీ దగ్గర, అంటే 18 నిమిషాలకు అటూ ఇటూగా ఆగిపోతుంది. కేబుల్ లూజేమోనని నేను ఒక ఆదివారమంతా దాన్ని పీకి పెట్టాను.

ఇక గళ్ల సంగతి. మా డీవీడీలో జీలకర్రా బెల్లం దగ్గర బొమ్మ బాగానే ఉంది. తలంబ్రాలు మొదలయ్యేసరికి, ఒక్కో గింజా కనబడాల్సిన చోట పసుపు గళ్ల దుప్పటి కప్పినట్టయింది. డీవీడీలో వీడియోని కుదించడానికి వాడే ఎంపెగ్-2 పద్ధతి ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య మారినదాన్నే ఎక్కువగా రాసుకుంటుంది. పీటల మీద కదలకుండా కూర్చున్న జంటకి కొద్ది డేటా చాలు. వందల గింజలు ఒకేసారి ఎగిరితే ఎంతిచ్చినా చాలదు. మీ డీవీడీలో కూడా గళ్లు ఇలాంటి చోట్లే వస్తుంటే అది బిట్‌రేటు, అంటే సెకను వీడియోకి ఇచ్చే డేటా, సమస్యే.

లెక్క తేలికే. టేపు మీద వీడియోకి సెకనుకు 25 మెగాబిట్లు. డీవీడీలో వీడియోకి గరిష్ఠం 9.8. మామూలు 4.7 జీబీ డిస్కులో గంట సినిమా పెడితే 8 ఇవ్వొచ్చు, రెండు గంటలకు 5 లోపు, మూడు గంటలు కుక్కితే మూడుకి కాస్త పైన. నేను కుక్కింది మూడు గంటలే. ఇప్పుడు డిస్కుకి గంటా పావు మించనివ్వను. ఆడియోని కుదించకుండా పీసీఎమ్‌లో పెడితే అదొక్కటే 1.5 మెగాబిట్లు తింటుంది. కుదించిన డాల్బీ ఆడియో 256 కిలోబిట్లు పెట్టండి, సన్నాయికేం లోటు రాదు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఎంపెగ్ తీసి, డీవీడీ సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ ఎంపెగ్ చేయించడం నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని. ఎడిట్ అయ్యాక డీవీ ఏవీఐగానే బయటికి తీసి, చివర్లో ఒక్కసారే కుదించండి.

దువ్వెన పళ్లకి కారణం వేరు. కంప్యూటర్ తెర మీదే కనిపిస్తే కంగారు పడకండి, ఇంటర్‌లేస్డ్ వీడియో, అంటే ఒక్కో ఫ్రేమునీ గీత విడిచి గీతగా రెండు సగాలు (ఫీల్డులు) చేసి తీసేది, అక్కడ అలాగే కనిపిస్తుంది. తీర్పు టీవీ మీదే. టీవీలో కూడా ఊరేగింపులో డ్యాన్స్ చేసేవాళ్లు ముందుకీ వెనక్కీ వణుకుతుంటే ఫీల్డ్ ఆర్డర్, అంటే ఏ సగం ముందు రావాలన్నది, తప్పింది. డీవీకి లోయర్ ఫీల్డ్ ఫస్ట్ ఉండాలి, కొన్ని సాఫ్ట్‌వేర్లు అప్పర్ పెట్టేస్తాయి. నా కేసులో అసలు దొంగ ఇంకొకటి: ప్రాజెక్టు టెంప్లేటు అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో ఉంది. మన కెమెరాలు మన దేశపు టీవీ పద్ధతి పాల్‌లో ఉంటాయి: 720x576, సెకనుకు 25 ఫ్రేములు. దాన్ని 480 గీతల్లోకి నొక్కేసరికి రెండు ఫీల్డులూ కలిసిపోయి పళ్లు బొమ్మకే అతుక్కుపోయాయి. తర్వాత ఏ సెట్టింగు మార్చినా పోవు. కొత్త ప్రాజెక్టు తెరవగానే పాల్ ఉందో లేదో చూడండి. రెండు ఫీల్డుల్నీ కలిపేసే డీఇంటర్‌లేస్ మాత్రం చేయకండి, డీవీడీకి ఆ అవసరం లేదు.

డిస్కు నెమ్మదిగా రాస్తే క్లారిటీ పెరుగుతుందని కోఠిలో ఒకాయన నాకు చెప్పాడు. పెరగదు. ప్లేయర్‌లో ఆగి ఆగి ఆడే డిస్కుకి అది పనికొస్తుందేమో గానీ, మసకకీ గళ్లకీ సంబంధం లేదు. మొత్తం రాసే ముందు తలంబ్రాలు ఒక నిమిషం, ఊరేగింపు ఒక నిమిషం కత్తిరించి, చెరిపి మళ్లీ రాయగలిగే డీవీడీ ఆర్‌డబ్ల్యూ మీద రాసి టీవీలో చూడండి. టెన్షన్ సగం తగ్గుతుంది.

ఆ 13 జీబీ ఫైళ్లు మాత్రం తీసేయకండి. హార్డ్ డిస్కు నిండిపోయిందని మూడో టేపు ఫైలు నేను డిలీట్ చేశాను, కావాలంటే మళ్లీ ఎక్కించుకోవచ్చు కదా అనుకున్నాను. నాలుగు నెలలకి క్యామ్‌కార్డర్ ఆ టేపుని నమిలేసింది. మా చెల్లెలి అప్పగింతలు ఇప్పుడు ఆ గళ్ల డీవీడీలోనే ఉన్నాయి.