వెనక తలుపు సందుల్లో నల్ల జిగురు

ప్రశ్న: మా బాపు వాడిన పెంటాక్స్ కె1000 ఫిల్ము కెమెరాలో కలర్ రీలు వేసి చూశాను. ఫొటోల్లో పైఅంచున నారింజ రంగు చార పడుతోంది. వెనక తలుపు తెరిస్తే అంచులు తారులా చేతికి అంటుకుంటున్నాయి. ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చేసుకోవచ్చు. ఆ తారు, వెలుతురు లోపలికి దూరకుండా తలుపు గాళ్లలో పెట్టిన ఒకప్పటి పాలియురేతేన్ ఫోమ్. గాలిలో తేమ తగిలి విరిగిపోతుంది, మన ఎండలు దాన్ని తొందరపెడతాయి. బీరువాలో దాచినా ఇంతే. వెలుతురు ఫిల్ము వీపు వైపు నుంచి దూరుతోంది, ఎరుపును పట్టే పొర అటే ఉంటుంది, అందుకే నారింజ. బొమ్మ ఫిల్ముమీద తలకిందులుగా పడుతుంది కనుక ముందు అనుమానించాల్సింది కింది గాడిని. చార నెగెటివ్‌పై అంచునుండే పళ్ల రంధ్రాల దాకా పాకిందా చూడండి. ఫ్రేములోపలే ఆగితే తప్పు ఫోమ్‌ది కాదు, ఫిల్ముకు ముందుండే షట్టర్ గుడ్డలో చిల్లు కావచ్చు.

మొబైల్ రిపేరు దుకాణాల్లో బోర్డులు తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా తెచ్చుకోండి. థిన్నర్, పెట్రోలు వద్దు, రంగూ ప్లాస్టిక్కూ పాడవుతాయి. చీపురుపుల్ల కొనను ఏటవాలుగా చెక్కి, తడిపి, గాడి పొడవునా గీకండి. స్క్రూడ్రైవర్ పెడితే నల్లరంగు లేచి లోహం మెరుస్తుంది. తెరిచిన వైపు నేలకు ఉంచి పనిచేస్తే రజను షట్టర్‌లోకి రాలదు. షట్టర్ గుడ్డకు వేలు తగలనివ్వకండి.

పై, కింది గాళ్లకు సన్నని నల్ల ఊలు దారం బాగా కూర్చుంటుంది, గమ్ము అక్కర్లేదు. కొత్తవాడ జంపఖానాల నూలు మాత్రం వద్దు, పీచు రాలుతుంది. కీలు పక్కన 1.5 నుంచి 2 మి.మీ. మందం మెత్తటి ఫోమ్ వెడల్పు కొలిచి కోయండి. స్టేషనరీ షాపుల్లో పిల్లలకు అమ్మే రంగుల ఫోమ్ షీటు నొక్కుడుపడదు. అది వేస్తే తలుపు పట్టదు, బలవంతంగా మూసినా ఫిల్ము చదునుగా నిలవక బొమ్మ మసకబారుతుంది. జిగురున్న ఫోమ్ అయితే జిగురు వైపు నీటితో తడిపి పెట్టండి, ఒక నిమిషం జరుపుకోవచ్చు. రాత్రంతా ఆరాక మూయండి.

లెన్సు వెనకుండే అద్దం లేచినప్పుడు పైన తగిలే చిన్న ఫోమ్‌ను కూడా మార్చాలి, లేకుంటే అద్దం దానికే అతుక్కుంటుంది. అక్కడ ఆల్కహాల్ చుక్క కూడా వద్దు, అద్దం పైనుండే ఫోకస్ తెర ప్లాస్టిక్‌ది. పొడిపుల్లతో గీకి, రజనును గాలిబుడ్డితో ఊదండి. కొత్తది మందంగా ఉంటే అద్దం పూర్తిగా లేవదు.

ప్రశ్న: నల్ల ఇన్సులేషన్ టేపు బయట అతికిస్తే సరిపోదా?
– కరీంనగర్ పాఠకురాలు

జవాబు: ఒక రీలుకు సరిపోతుంది. ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి మంచి ఉపాయం కూడా: కీలు మీద టేపు వేసి ఒక రీలు తీయండి, చార పోతే దొంగ అక్కడే. కానీ మే నెలలో ఆ టేపు జిగురు కరిగి బయటి తోలుకు పట్టుకుంటుంది. రీలు అయిపోగానే పీకేయండి.