అల్లిక కానుకలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

చలికాలం దగ్గరపడుతున్నందువల్ల కాబోలు, ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం కానుకగా ఇవ్వడానికి అల్లే మఫ్లర్లు, టోపీలు, చిన్న చిన్న వస్తువుల గురించే ఉన్నాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయినిని. మా అబ్బాయి కుటుంబం షికాగోలో ఉంటుంది. క్రిస్మస్ సెలవులకు అందేలా నలుగురికీ మఫ్లర్లు, టోపీలు అల్లి పంపాలని మొదలుపెట్టాను. మొదటి మఫ్లర్ సగం అయ్యేసరికి రెండు అంచులూ లోపలికి చుట్టుకుపోయి గొట్టంలా తయారయింది. ఇస్త్రీ చేస్తే సరిపోతుందా? టోపీకి ఎన్ని కుట్లు ఎక్కించాలి? (సీతమ్మధార)

జవాబు: మీ చేతిలో లోపమేమీ లేదమ్మా. ఒక వరుస నిట్, మరో వరుస పర్ల్, అంటే మా తరం వాళ్ళం సీదా, ఉల్టా అని నేర్చుకున్నవి, మార్చి మార్చి అల్లిన బట్ట ఎవరి చేతిలోనైనా అలాగే చుట్టుకుంటుంది. ఆ అల్లికలో నిట్ కుట్లన్నీ ఒక పక్కకు, పర్ల్ కుట్లన్నీ రెండో పక్కకు చేరతాయి. వంచి కూర్చోబెట్టిన దారం తిరిగి తిన్నగా సాగాలని చూస్తుంది కనుక పక్క అంచులు వెనక్కి, పై కింది అంచులు ముందుకు ముడుచుకుంటాయి. రెండు రకాల కుట్లూ రెండు పక్కలా సమానంగా ఉన్న అల్లికలో ఈ లాగుడు సరితూగి బట్ట పరుపులా పరుచుకుంటుంది. కాబట్టి మఫ్లర్‌కు అన్ని వరుసలూ నిట్‌తోనే అల్లే గార్టర్ అల్లిక గానీ, రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున వేసే రిబ్ గానీ ఎంచుకోండి. అంచున నాలుగు కుట్లు గార్టర్ వేస్తే చాలునని కొందరు చెబుతారు కానీ, నడిమి భాగం పాత పద్ధతిలోనే ఉంటే అంచుతో సహా మడత పడడం నేను చాలాసార్లు చూశాను.

ఇస్త్రీ మాత్రం వద్దు. మీ ఊలు అక్రిలిక్ అయితే పెట్టె వేడికి కరిగి మెరుపు తేలుతుంది, లేదా సాగే గుణం పూర్తిగా పోయి పాత గుడ్డలా వేలాడుతుంది. ఆ నష్టాన్ని ఏ ఉతుకూ సరిచేయలేదు. సగం అల్లినదాన్ని విప్పడానికి మనసు ఒప్పదని తెలుసు. అయినా విప్పండి. వంకీలు తిరిగిన దారం మళ్ళీ అల్లి ఒకసారి ఉతికితే చాలావరకు సర్దుకుంటుంది. అసలైన ఉన్ని అయితే చిలపగా చుట్టి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి, నీడన వేలాడదీసి ఆరిన తరువాత మొదలుపెట్టండి.

ఏ దారం అన్నది మీరు అడగలేదు కానీ, నా దృష్టిలో అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది అదే. అక్కడి ఇళ్ళలో బట్టలు వాషింగ్ మెషీన్‌లో ఉతికి, డ్రయ్యర్‌లో ఆరబెడతారు. మామూలు ఉన్ని పోగు మీద సన్నని పొలుసులుంటాయి. వేడినీరు, సబ్బు, కుదుపు కలిసేసరికి అవి ఒకదానికొకటి చిక్కుకుని, పెద్దవారి టోపీ కాస్తా బొమ్మ తలకు సరిపోయేంత కుంచించుకుపోతుంది. చంటిపిల్లలున్న కోడలు ప్రతి వారం చేత్తో ఉతకాలని మనం ఆశించకూడదు. సూపర్‌వాష్, అంటే మెషీన్ ఉతుకును తట్టుకునేది, అని ముద్రించిన ఉన్ని గానీ, మెత్తని అక్రిలిక్ గానీ తీసుకోండి. ఒక్కొక్క వస్తువుకు కావలసిన ఉండలన్నీ ఒకేసారి కొని, చీటీల మీద రంగు సంఖ్యతో పాటు డై లాట్ సంఖ్య, అంటే ఒకే విడతలో రంగు వేసిన దారానికి ఇచ్చే సంఖ్య, కూడా ఒకటేనా అని చూడండి. దుకాణం దీపాల కింద ఒకేలా కనబడిన రెండు ఉండలు పగటి వెలుగులో వేరువేరు చారలుగా బయటపడతాయి. మధ్యరకం మందం దారమైతే 150 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు మఫ్లర్‌కు సుమారు 200 గ్రాములు, టోపీకి 100 గ్రాముల లోపు పడుతుంది.

టోపీ కుట్ల లెక్క తల కొలతతో మొదలవుతుంది. పెద్దవారి తల చుట్టుకొలత సాధారణంగా 55 నుంచి 58 సెంటీమీటర్లు ఉంటుంది. టోపీ సాగి పట్టుకోవాలి కనుక ఐదు సెంటీమీటర్లు తగ్గించి అల్లాలి. ముందుగా మీ సూదులతో, మీ దారంతో ఒక చిన్న ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టండి. 20 కుట్లు వచ్చాయనుకుందాం. 55 సెంటీమీటర్ల తలకు 50 సెంటీమీటర్ల టోపీ కావాలి, అంటే 100 కుట్లు. రెండేసి రిబ్‌కు కుట్లు నాలుగుతో భాగింపబడాలి; వంద భాగింపబడుతుంది కనుక అలాగే ఎక్కించవచ్చు. తల కొలత టేపుతో తీసి పంపమని మీ అబ్బాయిని అడగండి. ఊహించి అల్లకండి.

సమయం సంగతి కూడా చెప్పాలి. రోజుకు రెండు గంటలు కూర్చుంటే నాకు ఒక మఫ్లర్‌కు పది రోజులు పడుతుంది. నలుగురికీ రెండేసి వస్తువులు, ఆపైన పార్సెల్ ప్రయాణం కలిపి చూస్తే గడువు చాలదు. ఈసారికి నాలుగు టోపీలు పంపి, మఫ్లర్లు వచ్చే ఏడాదికి ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: మా మేనకోడలి పాపకు వచ్చే నెల బారసాల. ఊలు టోపీ, బూటీలు అల్లుతానంటే మా అత్తగారు విశాఖ ఉక్కకు పాప తట్టుకోలేదంటున్నారు. దిష్టికి టోపీ మీద నల్లపూసలు కుట్టమని కూడా చెబుతున్నారు. (గాజువాక)

జవాబు: ఉక్క విషయంలో మీ అత్తగారి మాటే సరైనది. పసిపిల్లల ఒంటి వేడి ఎక్కువగా తల నుంచే బయటికి పోతుంది కనుక ఇంట్లో నిద్రపోయే బిడ్డకు టోపీ పెట్టకూడదని వైద్యులు చెబుతారు. మీరు అల్లే టోపీ బయటి ప్రయాణానికి, ముఖ్యంగా అరకు, లంబసింగి వంటి చోట్లకు వెళ్ళినప్పటికి ఉపయోగపడాలి. మెత్తని నూలు దారంతో అల్లండి. పుట్టినప్పుడు 35 సెంటీమీటర్ల దగ్గర ఉండే తల ఆరు నెలలకు 43 దాకా పెరుగుతుంది. బారసాల నాటి కొలతకు అల్లితే రెండు నెలలకే పక్కన పడేయాలి. ఆరు నెలల కొలతకే అల్లండి.

పూసల విషయంలో మాత్రం ఆవిడకు మెల్లగా నచ్చజెప్పండి. పూస, బొత్తాం, ప్లాస్టిక్ కన్ను ఏదైనా ఊడివస్తే పాప నోట్లోకే పోతుంది. పెద్దవారి మాట తీసేయకుండా, చెవి పక్కన నల్లదారంతో చిన్న చుక్క కుట్టండి. బూటీల లోపల వదులు దారాలు ఉండనివ్వకండి. కాలివేలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆడదు, పాప ఎందుకు ఏడుస్తున్నదో ఎవరికీ తెలియదు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. తొడిగే ముందు ప్రతిసారీ లోపలివైపు తిప్పి చూడమని పాప తల్లికి కూడా చెప్పండి.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా చూసి క్రోషా టోపీ వేశాను. చెప్పిన వరుసలన్నీ వేసేసరికి అది భుజాల దాకా వచ్చేలా ఉంది. (మధురవాడ)

జవాబు: బ్రిటిష్ నమూనాను అమెరికా పేర్లతో చదివి ఉంటారు. అమెరికావారి సింగిల్ క్రోషే కుట్టునే బ్రిటన్‌లో డబుల్ అంటారు, వారి డబుల్‌ను ట్రెబుల్ అంటారు. ట్రెబుల్ ఎత్తైన కుట్టు కనుక పొట్టి కుట్టు వేయవలసిన చోట అది పడితే టోపీ పొడవు రెట్టింపవుతుంది. నమూనాలో ఎక్కడైనా సింగిల్ అన్న మాట కనిపిస్తే అది అమెరికాదే, ఎందుకంటే బ్రిటిష్ పద్ధతిలో ఆ పేరే లేదు.

ప్రశ్న: నిరుడు మా వదినగారి పుట్టినరోజుకు నెల రోజులు కూర్చుని ఉన్ని మఫ్లర్ అల్లి ఇచ్చాను. ఈ రోజు దాకా ఒక్కసారి కూడా ఆమె వేసుకోగా చూడలేదు. అడగడానికి మొహమాటంగా ఉంది, మనసులో బాధగానూ ఉంది. (ఎం.వి.పి. కాలనీ)

జవాబు: మీ బాధ నాకు తెలుసు. నెల రోజుల సాయంత్రాలు ఆ దారంలో ఉన్నాయి. కానీ విశాఖలో ఆమె దాన్ని ఏ రోజు వేసుకోవాలి? సముద్రం పక్కన ఉన్న ఈ ఊళ్ళో జనవరిలో కూడా మెడకు ఉన్ని చుట్టుకునేంత చలి ఉండదు. పైగా మోటురకం ఉన్ని పోగుల కొసలు ముళ్ళలా చర్మానికి గుచ్చుకుంటాయి. కొనే ముందు ఉండను మెడకు ఆనించుకుని పది నిమిషాలు ఉంచుకుంటే ఆ సంగతి తెలిసిపోతుంది. ఆమె దాన్ని అపురూపంగా బీరువాలో దాచి ఉండవచ్చు కూడా. అలా అయితే ఈ తేమలో బూజు, చిమ్మెటలు పట్టకుండా ఉతికి, బాగా ఆరబెట్టి, ఎండు వేపాకుతో నూలుసంచిలో పెట్టమని చెప్పండి. మాట కలపడానికి అదొక దారి.

ఈ ఊరివారికి అల్లేటప్పుడు నూలు దారాన్ని, సన్నని క్రోషా సూదిని ఆశ్రయించడం మేలు. మనకు అది కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు గోదావరి తీరంలో నేర్పిన లేసు అల్లికను నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు తరతరాలుగా తమదిగా చేసుకున్నారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పద్ధతిలో జాకెట్టు చేతులకు అంచు, చేతిరుమాలుకు లేసు, కళ్ళజోడు సంచి, జడకు పువ్వు వంటివి అల్లి ఇస్తే రోజూ వాడుకుంటారు. ఉక్కు సూది ఇక్కడి గాలికి తుప్పు పట్టి తెల్లదారానికి మరక అంటిస్తుంది, కాబట్టి వాడిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి పెట్టండి.

ఇక ఆ మఫ్లర్ విషయం. డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారే అరకు రైలుకు మీ ఇద్దరికీ టికెట్లు తీసుకుని, మెడకు ఏదైనా తెచ్చుకోమని వదినగారికి ముందురోజే చెప్పండి.