సీడీలో చిటపటలు ఎక్కడివి?

ప్రశ్న: 1970ల నాటి జమైకా రెగే పాటల సీడీ ఒకటి కొన్నాను. కొన్ని పాటల్లో పాత గ్రామఫోను రికార్డులో లాగా చిటపటలు వినిపిస్తున్నాయి, మరికొన్నింటిలో బేస్ (కింది స్థాయి గంభీర ధ్వని) పలచగా ఉంది. ఇది సీడీ లోపమేనా?

జవాబు: కాదండీ. 16 బిట్ల, 44.1 కిలోహెర్ట్జ్ సీడీకి ఆ పాటల్లోని ధ్వనినంతటినీ పట్టుకునే శక్తి ఉంది. చిక్కంతా మూలంలోనే ఉంది. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో చాలా పాటల మాస్టరు టేపులు (మొదట రికార్డు చేసిన అసలు టేపులు) పాడైపోవడమో, పోవడమో, వాటిపైనే మరొకటి రికార్డు చేయడమో జరిగింది కాబట్టి, పునర్ముద్రణ చేసేవారు అరిగిన 7 అంగుళాల రికార్డునే మూలంగా తీసుకోక తప్పని సందర్భాలున్నాయి. మీరు విన్న చిటపటలు బహుశా ఆ రికార్డు మీది గీతలవే. వాటిని మరీ శుభ్రంగా తుడిచేస్తే హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని తాళాల జత) మెరుపు కూడా వాటితోపాటే పోతుంది; నా మటుకు నాకు కాస్త చిటపటలున్న సీడీయే ఇష్టం.

బేస్ సంగతి వేరు. రెగే గాయకుడు బాబ్ మార్లీ బృందపు ‘క్యాచ్ ఎ ఫైర్’ ఆల్బమ్‌ను 1973లో లండన్‌లో రాక్ శ్రోతల కోసం గిటారు, కీబోర్డు చేర్చి, బేస్ తగ్గించి విడుదల చేశారు. 2001 నాటి రెండు సీడీల ముద్రణలో ఆ రూపంతో పాటు అసలు జమైకా మిక్స్ (వాద్యాల, గొంతుల ధ్వనుల పాళ్లు కుదిర్చిన రూపం) కూడా ఉంది. ఒకే పాటను రెండింటిలోనూ వింటే, బేస్ పలచబడటం మిక్సింగ్ బల్ల దగ్గరే జరగవచ్చని మీ చెవికే తెలుస్తుంది.