వెనకబడిన పిల్లలకు వ్యాకరణం: నాలుగు గడులు, ఒక ఎనుము

ప్రశ్న: డీఎడ్ ట్రైనింగ్‌లో ఉన్నాను. నాలుగో తరగతిలో వెనకబడిన పిల్లలకు తెలుగు వ్యాకరణం నేర్పమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నామవాచకం నిర్వచనంతో మాత్రం మొదలుపెట్టకండి. నేను అక్కడే మొదలుపెట్టి ఒక వారం పోగొట్టుకున్నాను.

నాకు టీచింగ్ ప్రాక్టీసు రాయదుర్గం దగ్గర ఒక పల్లెలో పడింది. కర్ణాటక సరిహద్దు కదా, బడిలో తెలుగు, చాలా ఇళ్లలో కన్నడం. ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు. హెడ్మాస్టరు మొదటిరోజే ఆరుగురు పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి, "వీళ్లు మీ పాలు సామీ. మీరు పోయేలోపల నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రాయల్ల" అని లోపలికి పోయాడు.

ఆ ఆరుగురూ "మా నాయన వచ్చింది", "కుక్కలు వచ్చింది" అని రాసేవాళ్లు. ఏది వచ్చినా 'వచ్చింది'నే. ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన సరైనది రాస్తే, మర్నాడు మళ్లీ అదే.

ఒకరోజు ఇంటర్వెల్‌లో ఆడపిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే చూసి నాకు ఆలోచన తట్టింది. వరండాలో చాక్‌పీసుతో నాలుగు గడులు గీసి వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి అని రాశాను. నేను ఒక మాట చెబుతాను, వాళ్లు సరైన గడిలోకి దూకాలి. మామ, బస్సు, కోళ్లు, పోలీసులు... అరగంటలో గోల గోల. నాయన ఎప్పుడొచ్చినా 'వచ్చాడు'లోకే దూకుతున్నారు.

అప్పుడు ఒక పిల్ల ఆగిపోయింది. వాళ్లమ్మ ఇంట్లో జీన్స్ ప్యాంట్లు కుడుతుంది, వాళ్లది కన్నడం. ముందు 'ఎనుము' (గేదె) అంటే 'వచ్చింది'లోకి దూకింది. తర్వాత 'అమ్మ' అన్నాను. గడి అంచున నిలబడి, "మా యమ్మా, ఎనుమూ ఒకే గడిలోనా సార్?" అంది.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నోట మాట రాలేదు. వాళ్లింటి కన్నడంలో అమ్మ 'బందళు', ఎమ్మె (ఎనుము) 'బంతు'. రెండూ వేరు. మన తెలుగులో ఒక్కతే వస్తే అమ్మయినా, ఎనుమైనా 'వచ్చింది'నే. మగవాళ్లను చెప్పేది మహద్వాచకం, ఆడవాళ్లను చెప్పేది మహతీవాచకం, మిగతావన్నీ అమహద్వాచకం అని పరీక్షలో పేజీలు నింపినవాణ్ణి, తొమ్మిదేళ్ల పిల్లకు చెప్పడానికి ఒక్క వాక్యం లేదు. తోచక, "ఇద్దరు అమ్మలు" అన్నాను. టక్కున 'వచ్చారు'లోకి దూకింది. "రెండు ఎనుములు" అన్నాను. 'వచ్చాయి'. అక్కడే నిలబడి కాసేపు ఆలోచించి, "అయితే ఒక్కతే వస్తే ఎనుముతో సమానం, ఇద్దరొస్తే మనుషులా?" అంది.

మా కాలేజీలో ఏ లెక్చరరూ మహతీవాచకం గురించి ఇంత బాగా చెప్పలేదు. ఆ పిల్ల పేరు వెనకబడినవాళ్ల లిస్టులో ఉండటం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఇంటి భాష వేరైన పిల్లలకు బుర్ర తక్కువ కాదు, వాళ్ల బుర్రలో ఇంకో వ్యాకరణం ఉంది, అంతే. అది తెలుసుకోకుండా ఎర్రగీతలు గీసి లాభం లేదు.

ఎర్రగీతలంటే గుర్తొచ్చింది. "పోయినాడు" అని రాస్తే తప్పంటారు, "వెళ్లాడు" అనాలట! 'వాడు', 'పోయినాడు' చక్కగా కుదిరాయి కదా, తప్పెక్కడ? మన సీమ మాటను కొట్టేస్తే పిల్లవాడు రాయడమే మానేస్తాడు. పుస్తకం మాట పక్కన రాసి చూపించండి, వాడి మాటను కొట్టేయకండి.

ఇక రికార్డుల గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. పిల్లలతో గడిపిన టైము కంటే లెసన్ ప్లాన్లకు మార్జిన్లు గీసి, చార్టులకు బార్డర్లు అతికించిన టైమే ఎక్కువ. పరిశీలనకు వచ్చిన మా సారు వరండాలో గడులు చూసి, "ఇది లెసన్ ప్లాన్‌లో ఏ సోపానం (మెట్టు) కిందికి వస్తుంది?" అని అడిగాడు. ఆట అన్నాను. మార్కులు కోశాడు.

చివరికి ఆరుగురిలో నలుగురు వాక్యాలు సరిగ్గా రాశారు. ఒకడు అమ్మానాన్నలతో బెంగళూరుకు వలసపోయాడు. ఇంకొకడు దూకడం బాగా దూకేవాడు, రాయమంటే మాత్రం మళ్లీ "కుక్కలు వచ్చింది".

మీరు రేపే గడులు గీసి చూడండి. చాక్‌పీసులు మాత్రం ఇంటినుంచి తీసుకెళ్లండి. బడిలో బీరువాలో పెట్టి తాళం వేసుకుంటారు.